పెండ్లిలో మా అవ్వ రవ్వ ఉంగరం పోయింది, దొరికే దావ ఏమన్నా ఉందా?

పత్తికొండ_ఆడబిడ్డ
నిన్న కర్నూల్లో మా చిన్నాయన కూతురి పెండ్లి. సాయంత్రం ఐదింటికి సామాన్లు సర్దుతాంటే చూసుకున్నా, కుడిచేతి వేలికి ఉంగరం లేదు. అప్పట్నించి కన్ను మూతపడలేదు, ముద్ద దిగడం లేదు.

అది అంగట్లో కొన్నది కాదు. మా అవ్వ పెండ్లయిన కొత్తల్లో తుగ్గలి దగ్గర చేన్లో కలుపు తీస్తాంటే తొలకరి వానకు బయటపడిన వజ్రపు రాయి. అందరూ వ్యాపారికి అమ్ముకోమన్నారంట. తాత ఒప్పుకోలేదు. భూమి ఇచ్చింది ఇంట్లోనే ఉండనీ అని సాన పట్టించి అవ్వకు ఉంగరం చేయించినాడు. క్యారెట్టుకు కొంచెం పైన ఉంటుంది, లేత పసుపు ఛాయ. ఇంకో గుర్తు కూడా ఉంది. (మార్పు: ఆ గుర్తేందో ఇక్కడ రాసినా, హెడ్డు గారు చెప్పినాక తీసేసినా.) మూడు నాలుగు లక్షలు చేస్తుందని ఒకసారి చూసినాయన అన్నాడు. బిల్లు లేదు, సర్టిఫికెట్ లేదు. అవ్వ పోయేముందు నా చేతికి తొడిగింది, అంతే.

పోయిన నెల టైఫాయిడ్ వచ్చి చిక్కిపోయినా, ఉంగరం వదులైంది. దారం చుట్టుకోమని అమ్మ చెప్తానే ఉండె. భోజనాలైనాక చేతులు కడిగేకాడ సబ్బు బాగా రుద్దుకున్నా, అక్కడే జారిందని నా అనుమానం. మా అత్తమ్మకు మాత్రం మా ఇంట్లో పనిచేసే అక్క మీద అనుమానం. పాపను ఎత్తుకోను ఆమెను కూడా పెండ్లికి పిలుచుకొచ్చినాం, రోజంతా నా పక్కనే ఉండింది. స్టేషన్‌కు పోదాం పా అంటాంది అత్తమ్మ. ఎవరికన్నా ఇట్ల పోయి మళ్లీ దొరికినాయా? ఏం చేయాల్నో చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
ముందు రెండు ముద్దలు తిను చెల్లీ. ఫంక్షన్ హాలు వాళ్లకు ఫోన్ చేసినావా?

పత్తికొండ_ఆడబిడ్డ
రాత్రే చేసినా అన్నా. ఊడ్చినోళ్లకు ఏం కనపడలేదంట.

కడప_కుర్రోడు
నాలుగు లక్షల వస్తువు దొరికినోడు తెచ్చిస్తాడా అక్కా? బాధగానే ఉంటుంది గానీ ఆశ వదులుకో.

ఊరిబిండి
ఎందుకియ్యరు? మా నాయన ఆర్టీసీ కండక్టరు. ఆదోని బస్సులో సీటు కింద నల్లపూసల దండ దొరికితే డిపోలో రాసిచ్చి అప్పజెప్పినాడు. మూడో రోజు ఆ పెద్దామె వెతుక్కుంటా వచ్చింది. నాయన చేతులు పట్టుకుని ఏడ్చింది, మాట రాలేదు. ఇచ్చేవాళ్లు ఉండారు తమ్ముడూ. పోగొట్టుకున్నోళ్లు అడగను రావాల, అంతే.

సీక్యాంపు_సుబ్బక్క
పాపా, అప్పగింతలప్పుడు ఒడిబియ్యం పోసినావా నువ్వు? దోసిలి నిండా తీసి పోస్తాం కదా.

పత్తికొండ_ఆడబిడ్డ
పోసినా పెద్దమ్మా. కానీ అది మూడింటప్పుడు. భోజనాలు రెండింటికి ముందే అయినాయి. అప్పటికే చేతులు కడిగేకాడ పోయింటుంది.

రిటైర్డ్_హెడ్డు
ముప్పై ఏండ్లు అనంతపురం జిల్లా పోలీసు స్టేషన్లలో పనిచేసినవాణ్ణి, చెప్పేది వినమ్మా.

ముందు ఆ పోస్టులో రాయి లోపలి గుర్తు తీసేయ్. రేపు ఎవడో ఫోన్ చేసి నీ ఉంగరం నా దగ్గరుందంటే నువ్వు అడగాల్సిన ప్రశ్న అదే. దాన్నే ఊరందరికీ చెప్పేసినావు.

రెండు, ఈ రోజే హాలుకు పోయి సీసీ కెమెరా రికార్డు తీయించి పెట్టమను. పాత రికార్డు మీద కొత్తది ఎక్కుతుంటుంది. కొన్నిచోట్ల వారానికే పోతుంది.

మూడు, స్టేషన్‌కు తప్పకుండా పో. కానీ అర్జీలో "పోయింది" అని రాయి. "దొంగిలించినారు" అని రాయాలంటే దానికి ఆధారం ఉండాల. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు నడుస్తుండాయి. దొంగతనం భారతీయ న్యాయ సంహిత 303. దొరికిన వస్తువు ఎవరిదో తెలిసి కూడా ఇయ్యకుండా దురాశతో వాడుకుంటే 314. రెండూ వేరు. అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. రేపు ఏ కుదువ అంగట్లోనో తేలితే నువ్వు ముందే ఇచ్చిన ఆ కాగితమే నిన్ను కాపాడేది. అందులో మనిషి పేరు మాత్రం కళ్లతో చూడకుండా రాయొద్దు. రాసినాక వెనక్కి తీసుకోలేవు.

కడప_కుర్రోడు
సార్, పేరు రాయకపోతే వాళ్లెట్ల కనుక్కుంటారు? ఆ పనామెను ఒక పూట కూర్చోబెట్టి అడిగితే నిజం బయటికొస్తుంది కదా.

గుత్తికోట_కింద
తమ్ముడూ, నీకు కోపంగా రాయడం లేదు. మా ఇంట్లో జరిగింది చెప్తా, విను.

పదకొండేండ్ల కింద మా అమ్మ తెల్లరాళ్ల కమ్మలు కనపడలేదు. ఇంట్లో గిన్నెలు తోమే ఆమె ఆరేండ్లుగా మాతో ఉండింది. నా జ్వరానికి రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి. మా నాయన స్టేషన్‌కు పోలేదు, గట్టిగా అరవలేదు. "తీసుంటే పెట్టెయ్యమ్మా, ఎవరికీ చెప్పం" అన్నాడు, అంతే. ఆమె ఏం మాట్లాడలేదు. చేతిలో గిన్నె కడిగి బోర్లించింది, కొంగుకు చేతులు తుడుచుకుని పోయింది. ఆ నెల జీతానికి కూడా రాలేదు.

రెండేండ్ల తర్వాత అమ్మ పాత పట్టుచీర ఫాల్ మార్పించడానికి విప్పితే కుట్టు లోపల కమ్మ దొరికింది. రెండోది అదే చీర మడతలో. అమ్మా నేనూ ఆమె ఇంటికి పోయినాం. తాళం. కొడుకుతో బెంగళూరు పనికి పోయినారని పక్కింటామె చెప్పింది. ఏ ఏరియానో తెలీదు, నంబరు లేదు. అమ్మ ఆ కమ్మలు మళ్లీ పెట్టుకోలేదు, బీరువాలోనే ఉన్నాయి.

చెల్లెమ్మా, మీ అత్తమ్మకు ఈ పోస్టు చదివి వినిపించు.

ఊరిబిండి
చదువుతాంటే గొంతు పట్టేసింది అన్నా.

పత్తికొండ_ఆడబిడ్డ
అన్నా, ఆలస్యమైపోయింది. పొద్దున నేను స్నానానికి పోయినప్పుడు అత్తమ్మ ఆమెను సంచి చూపించమనిందంట. ఆ అక్క సంచి మొత్తం నేలమీద బోర్లించి చూపించింది. సద్దిగిన్నె, పాపకు కొన్న గిలక, తువ్వాలు. ఏరుకుని పోయింది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

సీక్యాంపు_సుబ్బక్క
అయ్యో.

పొద్దుటూరు_ఆచారి
మూడు తరాలుగా బంగారు పనిలో ఉండేవాళ్లం. వెతికే సంగతి చెప్తానమ్మా.

బంగారం చాలా బరువు. ఉంగరంలో కలిపే రాగి, వెండి లెక్కేసుకున్నా నీళ్లకంటే పదిహేను రెట్లకు పైనే తూగుతుంది. అందుకే కాల్వలో పడినా కొట్టుకుపోదు. మొదటి వంపులోనో, మొదటి తొట్టిలోనో ఇసుక కిందికి దిగి కూర్చుంటుంది. మా ఊళ్లో అంగళ్ల ముందు కాల్వ మట్టి, ఊడ్చిన దుమ్ము కొనుక్కుపోయి బొచ్చెల్లో కడిగి బతికేవాళ్లు ఉండారు. పైన తేలేదంతా చెత్తే, అడుగు మట్టిలోనే అన్నం ఉందంటారు వాళ్లు.

రెండో మాట ఇంకా ముఖ్యం. మెరుపు కోసం వెతకొద్దు. రవ్వకు నీళ్లంటే పడదు, జిడ్డంటే ఇష్టం. గనుల్లో కంకరను గ్రీజు పూసిన బల్లలమీద నీళ్లతో పారించి, అతుక్కున్న వజ్రాలు ఏరే పద్ధతి ఉంది. పెండ్లి భోజనాల కాల్వలో నెయ్యి, నూనె, సబ్బు. అందులో ఒక పూట ఉంటే రవ్వ గులకరాయి మాదిరి మసకబారుతుంది. పక్కనే ఉన్నా కంటికి ఆనదు. దొరికిందల్లా గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బేసి మెత్తని బ్రష్‌తో కడిగి చూడండి.

బిల్లు లేదని దిగులు వద్దు. హాల్‌మార్క్ ముద్రతో ఒక్కో నగకు వేరేగా ఉండే ఆరక్షరాల హెచ్‌యూఐడీ గుర్తింపు అంకె వచ్చిందే 2021 జూలైలో. పాత వస్తువులకు ఎక్కడుంటుంది? తాతకు చేసిచ్చిన కంసాలి ఇంట్లో ఎవరన్నా ఉంటే అడుగు. రాయి పట్టిన పద్ధతి చూసి మా పనే అని చెప్పగలరు. చేతికి ఉంగరంతో ఉన్న పాత ఫొటోలన్నీ ఒకచోట పెట్టుకో.

తుగ్గలి_వానలు
ఆచారి గారు చెప్పిన జిడ్డు మాట నిజం. మేం జూన్ వానలకు జొన్నగిరి, పగిడిరాయి చేన్లలో వెతకను పోతాం. వాన మట్టిని కడిగినాకనే రాయి కనపడేది. ఎండ నెత్తిన ఉన్నప్పుడు అన్నీ మెరుస్తాయి, ఏం తెలీదు. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండలోనే పని. హాల్లో గూడా అట్లనే చేయక్కా. రాత్రి లైట్లు ఆర్పి, టార్చి నేలకు ఆనించి పక్కకు వెలుతురు పారించు. ఇసుకరేణువు కూడా నీడ వేస్తుంది.

వజ్రకరూరు_బుజ్జి
మా ఊరి పేర్లోనే వజ్రం ఉంది, ఇంతవరకు నా కాలికి ఒక్కటీ తగల్లేదు 🙂 నీ ఉంగరం దొరకాలని మొక్కుకుంటున్నా అక్కా.

ఉగ్గాని_బజ్జి
బుజ్జీ, వజ్రాలుండే కింబర్లైట్ రాతి మీద నడిచి బడికి పోయినావు, అంతకంటే ఏం కావాల నీకు.

కడప_కుర్రోడు
ఒక డౌటు. దొరికినోడికి అది నిజం వజ్రమో గాజో తెలీకపోతే? సుత్తితో కొడితే పగలకపోతే వజ్రమని మా ఊళ్లో అంటారు.

పొద్దుటూరు_ఆచారి
దయచేసి ఆ మాట ఎక్కడా చెప్పొద్దు నాయనా. గట్టితనం అంటే గీతపడకపోవడం. మోస్ స్కేలు మీద వజ్రం 10, అన్నిటికంటే పైన. కానీ దెబ్బకు అది చీలుతుంది. ఆ మాట నమ్మి ఎన్ని మంచిరాళ్లు పొడి చేసుకున్నారో. వేడిని పట్టి చూసే చిన్న పెన్ను మిషన్లు అంగళ్లలో ఉన్నాయి. అవి కూడా వజ్రం మాదిరి ఉండే మోయిసనైట్ రాయిని వజ్రమనే చూపిస్తాయి, దానికి వేరే మిషను ఉంది. తెలిసినవాళ్లకు చూపించాల్సిందే.

అనంత_వకీలు
బహుమతి ప్రకటించాలనుకుంటే ఆలోచించి అంకె వేయండి. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 71 ప్రకారం దొరికిన వస్తువును తన దగ్గర పెట్టుకున్నవాడు దాన్ని జాగ్రత్తగా చూసుకోవాలి, అది వాడి సొంతం కాదు. సెక్షన్ 168 ప్రకారం యజమాని ఇంత ఇస్తానని ప్రకటించి ఉంటే ఆ సొమ్ము కోసం దావా వేయవచ్చు, ఇచ్చేదాకా వస్తువును అట్టిపెట్టుకోవచ్చు కూడా. అంటే లక్ష అని రాసి తర్వాత పదివేలు చేతిలో పెడతానంటే కుదరదు.

ఊరిబిండి
నాలుగు లక్షల ఉంగరం అని రాయొద్దు గూడా. "అవ్వ గుర్తు, తెచ్చిచ్చినవారికి తగిన బహుమతి" చాలు. ధర చూస్తే మంచోడికి కూడా మనసు ఊగుతుంది.

రిటైర్డ్_హెడ్డు
అది కరెక్టు.

ఆదోని_ఫొటోస్టూడియో
పెండ్లి ఫొటోలు తీసేది నా పని. ఒక్క మాట మేడం. ఫొటోగ్రాఫరును అడిగి ఆల్బమ్ కోసం ఏరినవి కాదు, తీసినవన్నీ తెప్పించుకోండి. ప్రతి ఫొటోలో టైం ఉంటుంది. ఉంగరం వేలికున్న చివరి ఫొటో ఏది, లేని మొదటి ఫొటో ఏది? ఆ రెండిటి మధ్యలోనే పోయింది. రెండు వేల ఫొటోలుంటాయి, ఓపిగ్గా చూడాల. వీడియోలో అయితే ఇంకా బాగా తెలుస్తుంది.

గుత్తికోట_కింద
ఇంత మంచి ఉపాయం మా కమ్మలప్పుడు ఎవరూ చెప్పలేదు.

పత్తికొండ_ఆడబిడ్డ
అందరికీ దండాలు. ఈ రోజు జరిగింది చెప్తా.

పొద్దున స్టేషన్లో "పోయింది" అనే అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నా. మా తమ్ముడు, హాల్లో పనిచేసే ఇద్దరు అన్నలు కలిసి చేతులు కడిగేకాడ తొట్టి మూత తీసి అడుగు మట్టి రెండు బక్కెట్లు తోడినారు. ఆచారి గారు చెప్పినట్ల బొచ్చెలో కడిగినాం. నడుములు పడిపోయినాయి. దొరికినవి ఇవి: ఒక వెండి మెట్టె, పాప పట్టీ గజ్జె ఒకటి, బండి తాళం, గాజుముక్కలు, బంగారు ముక్కుపుల్ల. మా ఉంగరం లేదు. ముక్కుపుల్ల, మెట్టె హాలు మేనేజరుకు రాసిచ్చి అప్పజెప్పినా, ఎవరో నా మాదిరే వెతుక్కుంటాంటారు.

మధ్యాహ్నం ఒక ఫోన్. వాట్సాప్ గ్రూపులో చూసినాడంట, ఉంగరం తన దగ్గరుంది, హైదరాబాద్ పోతున్నా, ముందు ఐదువేలు వేస్తే కొరియర్ చేస్తా అన్నాడు. నా గుండె ఆగినంత పనైంది. హెడ్డు గారి మాట గుర్తొచ్చి రాయి లోపల గుర్తేందో చెప్పన్నా అని అడిగినా. "మెరుస్తాంది మేడం, బాగా మెరుస్తాంది" అన్నాడు. పెట్టేసినా.

రిటైర్డ్_హెడ్డు
శభాష్. ఆ నంబరు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పి పెట్టు. నీకు పైసా పోలేదు, ఇంకొకరికి పోకుండా ఉంటుంది.

తుగ్గలి_వానలు
రెండు బక్కెట్ల మట్టి కడిగినారా! జూన్లో మా జట్టుకు రండక్కా.

సీక్యాంపు_సుబ్బక్క
ఆ పని అక్క వచ్చిందా పాపా?

పత్తికొండ_ఆడబిడ్డ
రాలేదు పెద్దమ్మా. గుత్తి అన్న పోస్టు అత్తమ్మకు చదివి వినిపించినా. ఏం మాట్లాడకుండా లోపలికి పోయింది.

పత్తికొండ_ఆడబిడ్డ
రాత్రి రెండైంది, నిద్ర రాక ఫొటోలు చూస్తాండా. 1:20కి బంతిలో కూర్చున్న ఫొటోలో ఉంగరం ఉంది. అది సరే. 2:05కి పాపను ఎత్తుకుని నిలబడిన ఫొటో ఉంది. చేతులు కడుక్కున్న తర్వాత అది. పెద్దది చేసి చూసినా. వేలికి ఉంగరం ఉంది!

కాల్వలో పడలేదు. ఊరికే ఆ అన్నల చేత మట్టి తోడించినా. 4:10కి బస్సు దగ్గర చెల్లెలికి చెయ్యూపుతున్న ఫొటోలో లేదు.

ఆదోని_ఫొటోస్టూడియో
అంటే 2:05కి, 4:10కి మధ్య. ఆ రెండు గంటల్లో ఏమేం చేసినారు?

ఊరిబిండి
ఆగండాగండి. సుబ్బక్క మొదటి రోజే అడిగింది. పైకి పోయి చూడండి. "ఒడిబియ్యం పోసినావా" అని. మూడింటికి పోసినానని తనే చెప్పింది. మనమంతా కాల్వ, చట్టాలు, సుత్తి అనుకుంటా దాన్ని దాటేసినాం.

సీక్యాంపు_సుబ్బక్క
ఒడిబియ్యానికి పసుపు, నెయ్యి కలుపుతారు కదా. చెయ్యి జారుడు. వేలు చిక్కింది. దోసిలి బోర్లించినప్పుడు బియ్యంతో పాటే పోతుంది, శబ్దం కూడా రాదు. మా ఆడపడుచుది చిటికెనవేలి ఉంగరం అట్లనే పోయి ఒడిలో దొరికింది, అందుకే అడిగినా. మూట ఎక్కడుంది ఇప్పుడు? వండేసినారా?

పత్తికొండ_ఆడబిడ్డ
మూట చెల్లెలితోనే అత్తగారింటికి పోయింది, తాడిపత్రి. తెల్లారినాక ఫోన్ చేస్తా. ఇప్పుడు చేస్తే భయపడతారు కొత్తోళ్లు.

ఉగ్గాని_బజ్జి
తెల్లారిందా?

వజ్రకరూరు_బుజ్జి
నేను కూడా చూస్తాండా.

పత్తికొండ_ఆడబిడ్డ
దొరికింది.

ఏడింటికి చెల్లెలికి ఫోన్ చేసినా. ఈ రోజే పరవాన్నం వండి బంధువులను పిలుద్దామని వాళ్లత్త మూట విప్పబోతుందంట. చెల్లెలు ఫోన్ పక్కన పెట్టి, చాపమీద బియ్యం పరిచి, ఖర్జూరాలు, పసుపుకొమ్ములు, కుడకలు ఒకవైపు తీసింది. వినపడుతానే ఉండాది నాకు, గలగలా. పది నిమిషాలు. తర్వాత వాళ్లత్తనే ఫోన్ తీసుకుంది. "పసుపు, నెయ్యి పట్టి ఖర్జూరం గింజ మాదిరి ఉందమ్మా, నేనైతే పారేసేదాన్ని" అనింది. ఆచారి గారు చెప్పినట్లే మెరుపే లేదంట. గుర్తు అడిగినా. కళ్లద్దాలు పెట్టుకుని వెతికి చెప్పింది. అదే.

మా తమ్ముడు తాడిపత్రి బస్సెక్కినాడు. సుబ్బక్క పెద్దమ్మా, మీ కాళ్లకు మొక్కుతా.

సీక్యాంపు_సుబ్బక్క
నా కాళ్లెందుకు తల్లీ. మీ అవ్వ కష్టం మీ ఇంటికే చేరింది. తెచ్చినాక దారం చుట్టుకుని పెట్టుకో.

పొద్దుటూరు_ఆచారి
చాలా సంతోషం అమ్మా. దారం కాదు, కొలత తగ్గించుకోండి. పాతది కదా, రాయి పట్టిన కొక్కేలు కూడా ఒకసారి చూపించండి, అరిగింటాయి.

కడప_కుర్రోడు
అక్కా, నేను ఆ పనామె గురించి రాసింది తప్పు. నిజంగా తప్పు. ఆ పోస్టు తీసేయను, ఉండనీ.

గుత్తికోట_కింద
చెల్లెమ్మా, ఉంగరం రాకముందే ఆ అక్క ఇంటికి పోండి. ఎవరినో పంపొద్దు, ఫోన్లో చెప్పొద్దు. సంచి చూపించమని అడిగినామె కూడా వెంట రావాల. జీతం పెంచుతామని, చీర పెడతామని ముందే అనొద్దు, ముందు తప్పైందని చెప్పండి. మాకు ఆ అవకాశం రాలేదు.

పత్తికొండ_ఆడబిడ్డ
ఇల్లు తెలుసన్నా, పాతబస్తీలో కొండారెడ్డి బురుజు వెనక. అత్తమ్మకు చెప్పినా. ఇంతసేపు దేవుడి గూటి ముందు కూర్చునుండె. ఇప్పుడే లేచి, పాపకు ఆ అక్క తెచ్చిన గిలక చేతికిచ్చి, చెప్పులేసుకుంటోంది. పోతాన్నాం.